విషయం: ప్లగ్‌లో పెట్టనక్కర్లేని రోల్‌ఆన్ గురించి అయిదోసారి

కస్టమర్ కేర్ అధికారి గారికి,

అమలాపురం దగ్గర మందుల షాపు నుంచి రాస్తున్నానండి. దోమకాటు దురదకు రాసుకునే మీ రోల్‌ఆన్‌లో బంతి తిరగడం లేదు. కొన్నిట్లో బంతే ఊడొచ్చి మందంతా ఒలికిపోతోంది. సరుకు సంగతి ఇంతే. బ్యాచ్ నంబరు, బిల్లు, ఫొటోలు ఇప్పటికే నాలుగుసార్లు పంపాను, అయిదోసారి పంపను. ఈ ఉత్తరం మీ మనుషుల గురించి.

మొదటిసారి ఫోన్ చేస్తే తెలుగుకు 4 నొక్కమంది. నొక్కితే హిందీలో ఒకాయన పలికాడు. వచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పుకున్నాను. "ప్లగ్‌లో పెట్టారా సార్? ఎర్ర లైటు వెలుగుతోందా?" అన్నాడు. గోడకు పెట్టే మెషీన్ కాదు బాబూ, ఒంటికి రాసుకునేది అన్నాను. "అయితే ఒకసారి ఆపి మళ్ళీ వేయండి" అన్నాడు.

రెండోసారి దొరికింది తెలుగమ్మాయే, మర్యాదగానే మాట్లాడింది. సీసా మూతి గోరువెచ్చటి నీళ్ళలో ముంచమంది. మూత సరిగా బిగించకపోతే మందు ఎండి బంతి పట్టేస్తుంది, అప్పుడు తలకిందులుగా కాసేపు ముంచితే వదులవుతుంది, కాదనను. ఆ పని ఫోన్ చేయకముందే అయింది. సీలు తీయని సీసాలో మందెలా ఎండిందమ్మా అని అడిగితే, పైవాళ్ళకు చెప్తానని, 48 గంటల్లో ఫోన్ వస్తుందని చెప్పింది. ఫోన్ రాలేదు. మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది, మాకు 5 స్టార్లు ఇవ్వండి.

రాజమండ్రి డిస్ట్రిబ్యూటర్‌ని అడిగితే కంపెనీ ఒప్పుకోవాలంటాడు. మూడోసారి మిమ్మల్ని అడిగితే డిస్ట్రిబ్యూటర్ రాసివ్వాలన్నారు. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య గోదావరి దాటించే పంటు కూడా ఇన్నిసార్లు ఇటూ అటూ తిరగదు.

నాలుగో ఆయన అన్నిటికీ పైచెయ్యి. "కుట్టకముందే ఒళ్ళంతా పూసుకోమనండి సార్, దోమే రాదు" అని సలహా ఇచ్చాడు. అయ్యా, దురద తగ్గించేది వేరు, దోమను దగ్గరికి రానివ్వనిది వేరు. రానివ్వనివి డీట్, పికారిడిన్ లాంటివి. మీ రోల్‌ఆన్‌లో ఉన్నది మెంథాల్, కర్పూరం. కర్పూరం ఉన్నది రెండేళ్ళలోపు పిల్లలకు రాయకూడదు, గోకి చర్మం లేచినచోట ఎవరికైనా భగ్గుమంటుంది. డీట్ అయినా బట్టల కింద రాయకూడదు, పిల్లల అరచేతులకు రాయకూడదు, నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలలు నిండని పసిబిడ్డకైతే దోమతెర ఒక్కటే. ఇది మీరు నాకు చెప్పాల్సింది! ఆ మాట నమ్మి ఎవరైనా చంటిబిడ్డకు పూస్తే కంపెనీ తరఫున జవాబు ఎవరు చెప్తారు?

మీ రోల్‌ఆన్ లేకపోతే కోనసీమ గోక్కుంటూ కూర్చోలేదు. కౌంటరు దగ్గర ఇప్పుడు చెప్తున్నది ఇదీ: కుట్టినచోట సబ్బునీళ్ళతో కడిగి, ఐసు ముక్క గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టాలి. దోమ ఉమ్ము పడ్డందుకు ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనం విడుదలై దద్దురు లేస్తుంది. చల్లదనానికి వాపూ దురదా రెండూ దిగుతాయి. ఆ తర్వాత కాలమైన్ లోషన్ దూదితో అద్ది ఆరనివ్వాలి, రుద్దకూడదు. అప్పటికీ ఆగకపోతే పెద్దవాళ్ళకు 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము పల్చగా, రోజుకు రెండుసార్లు, వారం దాటకుండా, పుండు పడ్డచోట తప్పించి. చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా డాక్టరు దగ్గరికే. కాలమైన్ సీసాకు బంతి ఉండదండి, పట్టేసే గొడవా లేదు.

ఇంకో లెక్క. గుర్రపుడెక్క పట్టి పారని మురుగు డ్రెయిన్లో క్యూలెక్స్ దోమ పుట్టి రాత్రిళ్ళు కుడుతుంది, బోదకాలు తెచ్చేది అదే. తాగి పెరట్లో పారేసిన బొండాం డొప్పలో వాననీళ్ళు నిలిస్తే అందులో ఏడిస్ దోమ పుట్టి పట్టపగలే కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. డొప్పలు, చిప్పలు, పూలకుండీల కింద పళ్ళేలు వారానికోసారి ఒంపేసి బోర్లించమనేది అందుకే. నా మొదటి ఫిర్యాదుకు ఇవాళ్టికి 41 రోజులు. ఈలోపు మా డ్రెయిన్లో నాలుగు తరాల దోమలు పుట్టి పెరిగాయి, మీ దగ్గర ఒక్క జవాబు పుట్టలేదు.

ఇరవై ఏళ్ళుగా మీ సరుకు షాపులో ముందు వరసలో పెడుతున్నాను. పక్క కంపెనీ వాడు ఎక్కువ మార్జిన్ ఇస్తానన్నా వెనక వరసకే పంపాను. ఆ మాత్రం విశ్వాసం అటువైపు నుంచి లేదని 41 రోజులకు తెలిసొచ్చింది. 48 సీసాల్లో 11 అమ్ముడుపోయి పదకొండూ తిరిగొచ్చాయి. మిగతా 37 అటక మీద ఉన్నాయి. మార్చి ఇస్తారో, క్రెడిట్ నోటే ఇస్తారో మీ ఇష్టం. ముందు విషయం తెలిసిన మనిషి ఒకరు ఫోన్ చేయాలి, ప్లగ్ మాట ఎత్తకూడదు.

తిరిగి అమ్మడానికి కొన్నవాడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడు కాడని మీ లాయరు చెప్తాడు. నాకూ తెలుసు. కానీ బిల్లు చేతిలో ఉన్నవాళ్ళు 11 మంది వినియోగదారులే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం వాళ్ళకు నేర్పించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వాళ్ళు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. పదకొండు కేసులకు మీ లాయరు పదకొండుసార్లు గోదావరి దాటి రావాలి. బస ఎక్కడైనా దొరుకుతుంది, దోమతెర మాత్రం వెంట తెచ్చుకోమనండి.

ఇట్లు,
మందుల షాపు యజమాని

తా.క.: దీనికి జవాబుగా మళ్ళీ స్టార్లు అడిగే మెసేజ్ పంపితే, దాన్ని ఆ రోల్‌ఆన్ పక్కనే ఫ్రేము కట్టించి కౌంటరు మీద పెడతాను.