గిరిక్ కాగితం చెల్లకపోతే ఎలా?

ఇండోనేషియాలోని జావా దీవి పల్లెల్లో తాతల నాటి 'గిరిక్' కాగితమే పొలానికి ఆధారంగా దాచుకున్న రైతులు ఇప్పుడు చిక్కులో పడ్డారు. గిరిక్ పట్టా కాదు, భూమి శిస్తు కట్టినట్టు చూపే పాత కాగితం. ఇలాంటి భూములను ఐదేళ్లలో రిజిస్టర్ చేయించుకోవాలని 2021లో ఇండోనేషియా ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 2026 ఫిబ్రవరి 2 తర్వాత గిరిక్ హక్కుకు రుజువుగా చెల్లదు, రిజిస్ట్రేషన్‌లో ఒక సూచనగా మాత్రమే పనికొస్తుంది. ఉద్యోగరీత్యా నేను మధ్య జావాలో క్లాటెన్ దగ్గర ఉంటున్నాను. మా ఇంటి ఓనరమ్మది పావు ఎకరం వరి మడి. గ్రామ కార్యాలయంలో భూముల వివరాలు రాసే 'లెటర్ సి' పుస్తకంలో అది ఇప్పటికీ ఎప్పుడో పోయిన ఆమె మామగారి పేరనే ఉంది. నలుగురు వారసుల్లో ఇద్దరు జకార్తాలో. అందరూ ఒక్కచోట చేరాలంటే లెబరాన్ (రంజాన్) పండగ రావాల్సిందే! తెల్లకాగితం మీద రాసుకున్న మన సాదాబైనామాల గోల తెలిసినవారికి ఈ టెన్షన్ కొత్తేమీ కాదు. ఊరు మొత్తాన్ని ఒకేసారి కొలిచి పట్టాలిచ్చే పథకం 2017 నుంచి నడుస్తోంది, మంచిదే; కానీ పంపకాలు తేలని మడి దగ్గరకొచ్చేసరికి మా ఊళ్లో పని ఆగిపోతోంది. లెబరాన్ అయిన వారంలోనే గ్రామ కార్యాలయంలో శిబిరం పెట్టి, వారసుల సంతకాలు అక్కడికక్కడే తీసుకోవాలి. ఇంత చిన్న కమతాలకు వారసత్వ బదిలీ పన్ను కూడా మాఫీ చేయాలి.

– ఒక పాఠకుడు, క్లాటెన్, మధ్య జావా