ఆట ఆపేశాక అక్క ఏం చేస్తది? కేంద్ర క్రీడల మంత్రికి ఒక పీఈటీ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నిజామాబాద్ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో పీఈటీని. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు మిడ్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం మధ్యలో, ఆడాను. ఇప్పుడు రోజూ లాంగ్ బెల్ తర్వాత ఇరవై రెండు మంది ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. చాలామంది తండాల పిల్లలు. మా జిల్లా నుంచే వెళ్లి భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య అంటే వాళ్లకు ప్రాణం. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ జట్టులో ఆడిన అమ్మాయి మన జిల్లాదే అని చెప్పిన రోజు ఒక్కరూ ఇంటికి పోలేదు, చీకటి పడేదాకా ఆడారు.

మొన్న వాళ్లలో ఒక తొమ్మిదో తరగతి పిల్ల, "సౌమ్యక్క ఆట ఆపేశాక ఏం చేస్తది మేడం?" అని అడిగింది. నేను ఆ పిల్లకు ఓయినం బెంబెం దేవి గురించి చెప్పాను. ఆ మాటలే మీకూ చెప్పాలని రాస్తున్నాను.

బెంబెం ఇంఫాల్ అమ్మాయి. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడి ఆట నేర్చుకుంది. 1995లో, పదిహేనేళ్లకే, దేశం తరఫున ఆడింది. తర్వాత కెప్టెన్ అయింది. రెండు దశాబ్దాలపాటు భారత జట్టు మిడ్‌ఫీల్డ్ అంటే ఆమే. మిడ్‌ఫీల్డర్ పని బయటివాళ్లకు అంతగా కనిపించదు. బంతి కాలి దగ్గరికి రాకముందే తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకోవాలి, ముందు ఎవరు ఖాళీగా ఉన్నారో గుర్తుపెట్టుకోవాలి. డిఫెండర్‌ను పైకి రమ్మని, వింగర్‌ను ఆగమని అరుస్తూనే ఉండాలి. అంటే ఆడుతూనే సగం కోచింగ్ చేస్తున్నట్టు. మంచి మిడ్‌ఫీల్డర్ మేనేజర్ అయితే నాకు ఆశ్చర్యం అనిపించదు. కానివ్వకపోతేనే బాధ.

2016 ఫిబ్రవరిలో షిల్లాంగ్‌లో దక్షిణాసియా క్రీడల మహిళల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. భారత్ 4-0తో నేపాల్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. భారత జెర్సీలో బెంబెంకు అదే వీడ్కోలు. సరిగ్గా ఏడాదికి, 2017 ఫిబ్రవరి 14న, ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో మొట్టమొదటి ఇండియన్ విమెన్స్ లీగ్ ఫైనల్లో మణిపూర్ జట్టు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ 3-0తో ఒడిశాకు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్‌పై గెలిచింది. ఆ జట్టు మేనేజర్ బెంబెం దేవి. అదే ఏడాది అర్జున అవార్డు, 2020లో పద్మశ్రీ వచ్చాయి.

ఆమె ఒక్కరే కాదు. గోవాకు చెందిన మేమోల్ రాకీ దేశానికి ఆడి, 2017 నుంచి 2021 వరకు భారత మహిళల జట్టుకు హెడ్ కోచ్‌గా ఉన్నారు. కేరళ కోచ్ ప్రియ 2020లో గోకులం జట్టుకు అదే లీగ్ టైటిల్ తెచ్చారు. అవకాశం దొరికిన చోట మనవాళ్లు గెలిచి చూపించారు సార్. కానీ ఈ పేర్లు వేళ్లమీద లెక్కపెట్టేలా ఎందుకు మిగిలాయి? 2023 మహిళల ప్రపంచకప్‌లో 32 జట్లు ఆడితే, అందులో పన్నెండింటికే మహిళా హెడ్ కోచ్‌లు. ప్రపంచం కూడా వెనకబడే ఉంది. మనమైనా ముందు నడవొచ్చు కదా.

దారి ఎక్కడ మూసుకుపోతుందో నాకు తెలుసు, ఆ దారిలోనే వెళ్లాను కాబట్టి. కోచ్ కావాలంటే ముందు డి లైసెన్సు, తర్వాత ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) సి, బి, ఎ, చివరికి ప్రో. ఒక్కో మెట్టుకూ ఫీజు, రోజులకు రోజులు ఊరికి దూరంగా ఉండటం, మెట్టుకూ మెట్టుకూ మధ్య జట్టును నడిపిన అనుభవం. నాకు డి లైసెన్సు కోర్సులో సీటు వచ్చినప్పుడు ఆన్ డ్యూటీ ఇవ్వలేదు. ఇది మీ ఉద్యోగంలో భాగం కాదన్నారు. ఏడాదిన్నర పాపను అమ్మ దగ్గర వదిలి, జీతం నష్టపోయి వెళ్లాను. ఆ బ్యాచ్‌లో ఆడవాళ్లం ఇద్దరమే. రాత్రి పాపతో ఫోన్ మాట్లాడి, మర్నాటి ప్రాక్టికల్ టెన్షన్‌తో నిద్రపోకుండా కూర్చున్న గది నాకింకా గుర్తుంది. సి లైసెన్సుకు వెళ్లే ధైర్యం మళ్లీ రాలేదు. పోలీసు, రైల్వే ఉద్యోగాల్లో ఉన్న నా తోటి క్రీడాకారిణులూ ఇదే చెబుతారు. ఆడినన్నాళ్లు సెలవు దొరుకుతుంది, నేర్పుతామంటే దొరకదు.

ఖేలో ఇండియా చిన్న కేంద్రాల్లో మాజీ ఛాంపియన్లే శిక్షణ ఇవ్వాలని మీ శాఖే నిర్ణయించింది. చాలా మంచి నిర్ణయం. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ప్రతి కేంద్రంలో ఆ చోటు ఒక మాజీ క్రీడాకారిణికే ఇవ్వండి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న క్రీడాకారిణి లైసెన్సు కోర్సుకు వెళ్తే అది డ్యూటీగానే లెక్కించేలా అన్ని రాష్ట్రాలకూ లేఖ రాయండి. ఫీజు మీ శాఖే కట్టాలి. పసిపిల్లల తల్లులు పిల్లను, తోడుగా ఒకరిని వెంట తెచ్చుకునేందుకు కోర్సు జరిగే చోట ఒక గది ఇప్పించండి. డి లైసెన్సు కోర్సులు జిల్లా కేంద్రాల్లో, తెలుగులో పెట్టమని ఫుట్‌బాల్ సమాఖ్యకు చెప్పండి. ఆటలో ఆరితేరి, ఇంగ్లిష్‌కు భయపడి ఆగిపోయినవాళ్లు మా దగ్గర ఉన్నారు.

బెంబెం గురించి విన్న ఆ పిల్ల మర్నాడు ప్రాక్టీసుకు వస్తూ ఒక నోట్‌బుక్ తెచ్చుకుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో అందులో చుక్కలు పెట్టి గీసుకుంది. సి లైసెన్సుకు నేను మళ్లీ దరఖాస్తు చేస్తున్నాను. ఈసారి ఆన్ డ్యూటీ వస్తే ఆ ఉత్తర్వు కాపీ ముందు ఆ పిల్లకే చూపిస్తాను.

ఇట్లు,
ఒక పీఈటీ, నిజామాబాద్ జిల్లా