ట్రిమ్ చేతి బరువునే తీస్తుంది

సంపాదకులకు,

పైలట్ శిక్షణకు వెళ్లదలచిన మన పిల్లలు కొందరు ముందుగా ఇంట్లో కంప్యూటరు మీద సెస్నా 172 అనే చిన్న విమానాన్ని నడిపి చూస్తున్నారు. మీటర్లు చదవడం, చెక్‌లిస్టు క్రమం, రేడియో మాట అలా అలవాటు కావడం మంచిదే. చేతికి తగిలే ఒత్తిడిని తీసే ట్రిమ్ అనే అమరిక విషయంలో మాత్రం ఆ సాధన తప్పు నేర్పుతోందని, ఇదే వ్యాపకంలో చాలాకాలంగా ఉన్న నాకు అనిపిస్తోంది.

నిజమైన విమానంలో ముందు యోక్‌తో (పైలట్ చేతిలో ఉండే నియంత్రణ పిడితో) ముక్కును కావలసిన ఎత్తులో నిలిపి, చేతికి తగులుతున్న ఒత్తిడి పోయేదాకా ట్రిమ్ చక్రం తిప్పుతారు. ఇంటి జాయ్‌స్టిక్‌లోని స్ప్రింగుకు ట్రిమ్ సంగతి తెలియదు. అది ఎప్పుడూ నడిమధ్యకే లాగుతుంది. అందువల్ల ట్రిమ్ తిప్పుతున్నకొద్దీ స్టిక్‌ను అంతే మేరకు వదలకపోతే ముక్కు కదిలిపోతుంది. ఈ చిక్కు భరించలేక పిల్లలు స్టిక్ వదిలేసి, ట్రిమ్ బటన్‌తోనే విమానాన్ని ఎక్కించి దించుతున్నారు.

ఇక గరిమనాభి (విమానం బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) ఊసే ఉండదు. 172ఎస్ రకానికి గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు ఉన్నప్పుడు గరిమనాభి ఫైర్‌వాల్ (ఇంజనుకూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) నుంచి 41 అంగుళాలకూ 47.3 అంగుళాలకూ మధ్యే ఉండాలి, అంటే జానెడు చోటు కూడా లేదు. ఎడ్లబండిలో బస్తాలు ముందుకు జరిగితే కాడి ఎడ్ల మెడలను నొక్కుతుంది, వెనక్కు జరిగితే కాడే పైకి లేస్తుంది. విమానమూ అంతే: బరువు ముందుకుంటే దిగేటప్పుడు యోక్‌ను బలంగా లాగాలి, వెనక్కుంటే కాస్త లాగినా ముక్కు లేచిపోతుంది, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోసే బలం కోల్పోవడం) నుంచి తేరుకోవడం కష్టమవుతుంది. ట్రిమ్ చేతి మీది బరువును తీస్తుందే తప్ప విమానంలోని బరువును సర్దదు.

1997 ఆగస్టు 7న మయామీలో ఫైన్ ఎయిర్ డీసీ-8 సరుకు విమానం కూలి ఐదుగురు మరణించడంలో ఈ రెండూ కలిశాయి. సిబ్బంది తమకు అందిన లెక్క ప్రకారమే ట్రిమ్ పెట్టారు. నిజమైన గరిమనాభి అంతకంటే వెనుక ఉండటంతో ముక్కు లేపగానే అదుపు తప్పింది. కోట్లు ఖరీదు చేసే సిమ్యులేటర్లకూ లోపాలుంటాయి. 737 మ్యాక్స్ సిమ్యులేటర్లు, చేత్తో తిప్పే ట్రిమ్ చక్రానికి కొన్ని పరిస్థితుల్లో కావలసిన బలాన్ని సరిగా చూపలేదని బోయింగ్ 2019 మే నెలలో ఒప్పుకుంది. ఇంటి బల్ల మీది స్ప్రింగును నమ్మేముందు ఇది గుర్తుండాలి.

సాధన చేసేవారికి నా మనవి ఒకటే. ప్రయాణికులను, సామానును, ఇంధనాన్ని మీరే నింపి, గరిమనాభిని కాగితం మీద లెక్కకట్టండి. ఒకసారి ముందు హద్దులో, మరోసారి వెనుక హద్దులో, ట్రిమ్‌ను అదే గుర్తు దగ్గర ఉంచి టేకాఫ్ చేయండి. రెండుసార్లూ స్టిక్‌ను ఎంత లాగవలసి వచ్చిందో రాసిపెట్టుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్