కాలేయ రోగికి ప్రొటీన్ మాన్పించమని రాయకండి

సంపాదకుల వారికి,

సిరోసిస్ (కాలేయం గట్టిపడి దెబ్బతినే జబ్బు) ఉన్న మనిషి మాట తడబడినా, పగలు జోగుతూ రాత్రంతా మేలుకున్నా ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని పప్పు, పాలు, గుడ్డు ఆపేయడం. ‘ప్రొటీన్ తింటే అమ్మోనియా మెదడుకెక్కుతుంది’ అని ఆరోగ్య శీర్షికల్లో ఇంకా అచ్చవుతూనే ఉంది. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, దాన్ని పట్టుకుని పెట్టే పథ్యం రోగిని ఇంకా కుంగదీస్తుంది.

ప్రొటీన్ విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. కాలేయం బాగుంటే దాన్ని యూరియాగా మార్చేస్తుంది. దెబ్బతిన్న కాలేయానికి ఆ శక్తి చాలదు, పైగా పేగుల రక్తం కొంత కాలేయాన్ని తాకకుండానే పక్కదారిన వెళ్లిపోతుంది. మెదడులోని ఆస్ట్రోసైట్ కణాలు ఆ అమ్మోనియాను గ్లుటమేట్‌తో కలిపి గ్లుటమిన్ చేస్తాయి. గ్లుటమిన్ పేరుకున్న కణం నీరు పట్టి ఉబ్బుతుంది. చేతులు చాచి మణికట్లు పైకి వంచమంటే రోగి చేతులు రెక్కల్లా తపతపలాడటం ఈ విషప్రభావానికి గుర్తే.

అందరూ మరిచిపోయేది కండరాన్ని. కాలేయం చేతులెత్తేసినప్పుడు అమ్మోనియాను గ్లుటమిన్‌గా మార్చి సర్దే రెండో చోటు అదే. ఆ పనిలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌ను కట్టే ముక్కలు) ఖర్చయి రక్తంలో తగ్గుతాయి. కాలేయం వాడుకోవాల్సిన ఫినైల్‌అలనిన్, టైరోసిన్ అనే మరో రెండు మాత్రం మిగిలిపోతాయి. మామూలుగా మొదటి మూడూ కలిపి ఈ రెంటికీ 3 రెట్లకు పైగా ఉండాలి. జబ్బు ముదిరితే ఇంచుమించు సమానమైపోతాయి. మెదడులోకి వెళ్లే ద్వారం అన్నిటికీ ఒకటే కనుక, మొదటివి తగ్గితే రెండోవి ఎక్కువగా చొరబడతాయి. ఇలాంటప్పుడు తిండి ఆపితే శరీరం సొంత కండరాన్నే కరిగించుకుంటుంది. అమ్మోనియా పుడుతూనే ఉంటుంది, దాన్ని పట్టే కండరమే తరిగిపోతుంది.

అందుకే ఇప్పటి వైద్య మార్గదర్శకాలు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ ఇవ్వమంటున్నాయి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. పొట్టలో చేరిన నీటి బరువు ఈ లెక్కలోకి రాదు. మాంసం పడనివారికి పాలు, పప్పుధాన్యాలు బాగా సరిపడతాయి. రాత్రి పడుకునే ముందు 50 గ్రాముల పిండిపదార్థం ఉన్న అల్పాహారం తప్పనిసరి, ఎందుకంటే ఈ రోగికి ఒక్క రాత్రి ఉపవాసం కూడా కండరం మీద పడుతుంది. స్పృహ తప్పుతున్నవారికి మాత్రం నోటితో ఏమీ పెట్టకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అయోమయం వచ్చినప్పుడు వెతకాల్సినవి వేరే ఉన్నాయి: మలబద్ధకం, ఇన్ఫెక్షన్, నిద్రమాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మందులు, పొటాషియం తగ్గడం, పేగుల్లో రక్తస్రావం. చివరిది మరీ ప్రమాదం. పేగుల్లో అరిగే ఆ రక్తంలోని ప్రొటీన్ అయిన హీమోగ్లోబిన్‌లో ఐసోల్యూసిన్ ఉండదు, అది లేకుండా శరీరం మిగతా అమైనో ఆమ్లాలతో కొత్త ప్రొటీన్ కట్టుకోలేదు, చాలా భాగం అమ్మోనియా అవుతుంది. నల్లటి విరేచనం కనిపిస్తే పథ్యం సంగతి పక్కనబెట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి.

మీ ఆరోగ్య పేజీలో ఈ సవరణ వేయండి. ఆస్పత్రులు కూడా డిశ్చార్జి చీటీలో ‘ప్రొటీన్ తగ్గించండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, రోజుకు ఎన్ని గ్రాములో రాయాలి. విరేచనం సాఫీగా చేసి అమ్మోనియాను తగ్గించే మందు లాక్టులోజ్ ఎన్ని మిల్లీలీటర్లో రాసిన చోటే, రోజుకు 2 లేక 3 మెత్తటి విరేచనాలు కావాలనీ, నీళ్ల విరేచనాలైతే మోతాదు తగ్గించి డాక్టరుకు చెప్పాలనీ రాయాలి. ఒంట్లో నీరు తగ్గితే అదే అయోమయం మళ్లీ రావచ్చు.

— ఒక పాఠకుడు