పాత బాణీలు వాడుకున్నప్పుడు పాత పేర్లూ చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాశ్చాత్య పాప్ సంగీతంపై వచ్చిన వ్యాసం బ్రిటిష్ పాప్ గాయని దువా లీపా రెండో ఆల్బమ్ 'ఫ్యూచర్ నోస్టాల్జియా'ను పాత డిస్కో పాటల అనుకరణగా ఒక్క వాక్యంలో తేల్చేసింది. అందులో పాత బాణీల వాడకం ఉన్న మాట నిజమే. కానీ ఎవరి బాణీని తీసుకున్నారు, వారి పేరు చెప్పారా లేదా అన్నది చూడకుండా అంత మాట అనడం న్యాయం కాదు.

లాక్‌డౌన్‌తో జనం ఇళ్లలో చిక్కుకున్న 2020 మార్చి 27న, అనుకున్న తేదీకి వారం ముందే విడుదలైన ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'లవ్ అగైన్'. వయొలిన్లు మెల్లగా పైకి లేచాక, పాత గ్రామఫోను రికార్డులోంచి వచ్చినట్లు ఒక ట్రంపెట్ పలుకు వినిపిస్తుంది. అది 1932లో లూ స్టోన్ బృందం వాయించగా ఆల్ బౌలీ పాడిన 'మై ఉమన్' పాటలోది. మన రూర్కెలాలో పుట్టి ఇంగ్లండులో పెరిగిన జ్యోతి మిశ్రా 'వైట్ టౌన్' పేరుతో చేసిన పాటలోనూ ఆ పలుకే ఉంది. 1997లో ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. కొన్ని క్షణాల ఆ పలుకును తీసుకున్నందుకు, అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీతో సహా 1932 నాటి పాట రచయితలు ముగ్గురికీ 'లవ్ అగైన్' రచయితల జాబితాలో చోటిచ్చారు. 'బ్రేక్ మై హార్ట్'లోని గిటారు వరస ఆస్ట్రేలియా రాక్ బృందం ఇన్‌ఎక్సెస్ 1987 నాటి పాటను గుర్తుకు తెస్తుంది కాబట్టి, ఆ పాట రాసిన ఆండ్రూ ఫారిస్, మైకేల్ హచెన్స్‌ల పేర్లు కూడా చేర్చారు. హచెన్స్ 1997లోనే కన్నుమూశారు.

ఒకరి రచనను తీసుకోవడం వేరు, ఒక కాలపు శైలిలో పాట కట్టడం వేరు. ఇదే ఆల్బమ్‌లోని 'లెవిటేటింగ్' తమ 1979 నాటి పాటకు నకలని ఇద్దరు రచయితలు వేసిన దావాను 2025 మార్చిలో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. ఎందరో వాడుతూ వచ్చిన స్వరాల నడక ఏ ఒక్కరి సొత్తూ కాదన్నది ఆ తీర్పు సారాంశం. వ్యాసకర్త ఈ రెంటినీ కలిపేశారు.

2024 నవంబరు 30న ముంబయి కచేరీలో దువా లీపా 'లెవిటేటింగ్'ను 1999 నాటి 'బాద్‌షా' చిత్రంలోని పాటతో కలిపి వినిపించినప్పుడు మన పత్రికలు, టీవీలు దాన్ని షారుక్ ఖాన్ పాటగానే చెప్పాయి. పాడిన అభిజీత్ భట్టాచార్య, స్వరపరచిన అనూ మాలిక్ చాలా వార్తల్లో కనిపించనే లేదు. ఆ బాధను అభిజీత్ బహిరంగంగానే చెప్పుకున్నారు. తెలుగులోనూ పాత పాటను రీమిక్స్ చేసినప్పుడు కొత్త హీరో ఫొటో పెద్దగా వేసి, మొదట ఆ పాట రాసినవారిని, కట్టినవారిని, పాడినవారిని వదిలేసే వార్తలు తరచూ చూస్తున్నాం. వాద్యకారుల సంగతి సరే సరి, వారి పేర్లు ఎక్కడా ఉండవు.

ఇకపై రీమిక్స్ పాటల గురించి రాసేటప్పుడు మూల గీత రచయిత, స్వరకర్త, గాయనీగాయకుల పేర్లు తప్పనిసరిగా వేయవలసిందిగా, వీలైన చోట వాద్యకారుల పేర్లు కూడా ఇవ్వవలసిందిగా మీ సినిమా, సంగీత విభాగాలకు సూచించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం