మా అన్నం హస్తం తిరిగివ్వని డైటీషియన్ మేడమ్‌కి

మేడమ్, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. తిండి సలహా కోసం మీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఈ అన్నం వడ్డించే హస్తం సంగతి చదవగానే ఎలాగూ పోల్చుకుంటారు.

నిన్న పొద్దున్నే మా వంటింట్లో కొబ్బరి మిల్లు వాళ్ళిచ్చిన క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. 36 రోజులకి నెలసరి వచ్చింది. తప్పకుండా రావడం వరసగా ఇది నాలుగోసారి. ఇదేమంత విషయం అని కొందరికి అనిపించొచ్చు గానీ, పోయినేడాది అదే మేకుకి వేలాడిన క్యాలెండర్‌లో మార్చి నుంచి జూన్ దాకా ఒక్క సున్నా కూడా లేదు.

నాకు 26 ఏళ్ళు. రావులపాలెం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి నెలసరి సరిగ్గా రాని సమస్య) అని తెలిసి మూడేళ్ళయింది. ఒకచోట స్కానింగ్ కాగితం చూసి "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. ఇంకోచోట "ముందు బరువు తగ్గి రా" అన్నారు, ఎలా తగ్గాలో మాత్రం చెప్పలేదు. ఆ మాట పట్టుకుని, మా స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ అమ్మే పౌడర్ డబ్బాలు కొన్నాను, పేరు అనవసరం. రెండు పూటలా అన్నం మానేసి ఆ పౌడర్ కలుపుకుని తాగితే నెలన్నరలో నాలుగు కిలోలు తగ్గాను, మానేశాక ఆరు కిలోలు పెరిగాను. జుట్టు రాలింది అదనం.

మెడ సంగతి చెప్పాలి. ఇంటర్ నుంచీ నా మెడ వెనక నల్లగా మందంగా ఉండేది. అది మురికి అని అమ్మ నమ్మకం. ప్రతి ఆదివారం సున్నిపిండిలో పెరుగు కలిపి, పీచుతో, నాకు కళ్ళంట నీళ్ళొచ్చేదాకా రుద్దేది. పెళ్ళిచూపులు ఉంటే రెండు సార్లు. మొదటిసారి మీ గదిలోకి వచ్చినప్పుడు మీరు నా బరువు కన్నా ముందు మెడ చూసి, "ఇది రుద్దితే పోదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే వస్తుంది, దీన్ని అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు" అన్నారు. పక్కన కూర్చున్న అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఆ పీచు బయట పారేసింది.

ఇక హస్తం. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే, "మధ్యాహ్నం నువ్వు తినేంత అన్నం క్యారేజీలో పెట్టుకుని, మీ ఇంట్లో వడ్డించే హస్తం కూడా పట్టుకురామ్మా" అన్నారు. డాక్టరు చెప్పిన చోటికి హస్తంతో వెళ్ళడమేంటే అని అమ్మ ఒకటే నవ్వు. మా నాయనమ్మ కాలం నాటి ఇత్తడి హస్తం అది, చిన్న పార అంత ఉంటుంది. మీరు ఒక్కో హస్తం తీసి కాటా మీద పెట్టారు. 140 గ్రాములు. మధ్యాహ్నం నాలుగు, రాత్రి మూడు అని చెప్పాను. లెక్కల టీచర్‌ని కదా, మీరు చెప్పకముందే గుణించుకున్నాను: 980. రోజుకి ఇంచుమించు కిలో అన్నం! నేను తిండి తక్కువే తింటానని అప్పటిదాకా అందరితోనూ వాదించేదాన్ని.

మీరు తిట్టలేదు. చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది, దాన్ని ఒంట్లో కణాల లోపలికి చేర్చే ఇన్సులిన్ మాట నా ఒళ్ళు సరిగ్గా వినడం లేదు, వినకపోయేసరికి క్లోమం ఇంకా ఇంకా పోస్తోంది, అలా ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల్లో ఆండ్రోజన్లని, అంటే మగ హార్మోన్లని పెంచుతోంది, దాంతో అండం సరిగ్గా ఎదగక, విడుదల కాక నెలసరి ఆగిపోతోంది, గడ్డం కింద వెంట్రుకలూ వాటి పుణ్యమే. స్కానింగ్‌లో ముత్యాల దండలా కనిపించినవి గడ్డలు కావని, ఎదగకుండా మధ్యలో ఆగిన ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) అని కూడా అప్పుడే తెలిసింది. మూడేళ్ళుగా నా కడుపులో గడ్డలున్నాయని భయపడుతూ పడుకున్నాను మేడమ్. ఈ ఒక్క ముక్క ఇంతకుముందు ఎవరైనా చెప్పి ఉండొచ్చు.

తర్వాత మీరు చెప్పిన తిండిలో మా సందులో దొరకనిది ఒక్కటీ లేదు. అన్నం మానమంటారేమో అని టెన్షన్ పడ్డాను. మానొద్దు, మధ్యాహ్నం హస్తంన్నర, రాత్రి ఒకటి చాలన్నారు. కంచంలో సగం కూర, పావు పప్పో చేపో గుడ్డో, మిగిలిన పావులో అన్నం. ముందు కూర, పప్పు కొంచెం తిన్నాకే అన్నం ముట్టుకోవాలి, అలా చేస్తే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఆనపకాయ, తోటకూర, కంద బచ్చలి, ములక్కాడ, అన్నీ మా పెరట్లో, పక్కింటి పెరట్లో ఉన్నవే. పొద్దున్న ఆరు ఇడ్లీల బదులు రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. (ఉప్మా లేని పెసరట్టు పెసరట్టే కాదని నాన్న ఇప్పటికీ అంటారు.) చక్కరకేళి మూడు తినేదాన్ని, ఒకటి చాలన్నారు.

అమ్మ బెల్లం టీ ఆరోగ్యం అని వాదనకి దిగింది. "ఇన్సులిన్‌కి బెల్లం, పంచదార తేడా తెలీదమ్మా" అని ఒక్క మాటలో తేల్చేశారు. రోజుకి ఐదు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు, మొత్తం పది. బయటనుంచి కలుపుకునే చక్కెర రోజుకి ఆరు చెంచాల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుందట. నాకు టీలోనే దాటిపోయింది! ఇప్పుడు రెండు టీలు, అర చెంచా చొప్పున. మొదటి పది రోజులు తలనొప్పితో పిల్లల మీద అరిచాను, అది కూడా ఒప్పుకుంటున్నా.

నాన్నకి మీరంటే ఎందుకంత ఇష్టమో మీకు తెలీదు. మేము స్వర్ణ రకం వరి పండించి అమ్మేసి సన్నబియ్యం కొనుక్కుని తింటాం, డెల్టాలో చాలా ఇళ్ళలో ఇదే వరస. మీరేమో స్వర్ణే తినమన్నారు, అది మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం, 2012లో ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) వాళ్ళు 235 రకాల బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె) చూస్తే 48 నుంచి 92 దాకా వచ్చింది, అందులో స్వర్ణ తక్కువ వైపే ఉంది అన్నారు. "అలాగని కుప్పలు తినకండి" అని కూడా అన్నారు గానీ నాన్న ఆ రెండో ముక్క వినలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో అందరికీ తన బియ్యం గొప్ప చెప్తూనే ఉన్నారు.

రాత్రి తిన్నాక అరగంట కాలవ గట్టు మీద నడక. కుక్కల భయానికి నాన్న కర్ర పట్టుకుని వెంట వస్తారు. ఆయన షుగర్ కూడా కాస్త దిగింది, ఆ క్రెడిట్ కూడా మీదే.

సంక్రాంతికి చెడిపోయాను. అరిసెలు రెండే తినమన్నారు, మూడు రోజుల్లో ఎన్ని తిన్నానో లెక్కపెట్టలేదు, పైగా ఆత్రేయపురం నుంచి అత్త తెచ్చిన పూతరేకులు. ప్రభల తీర్థం నుంచి వస్తూ ఆటోలో ఏడుస్తూ మీకు మెసేజ్ పెట్టాను, ఇంక నా వల్ల కాదని. మీ జవాబు ఇంకా దాచుకున్నాను: "పండగ కదా, తిన్నావు. రేపు పొద్దున్న పెసరట్టు." అంతే.

ఏడు నెలల్లో 71 నుంచి 66 కిలోలకి వచ్చాను. అద్భుతమేం కాదు. గడ్డం మీద వెంట్రుకలు పూర్తిగా పోలేదు, అవి తగ్గడానికి ఇంకా టైమ్ పడుతుందని మీరే చెప్పారు. ఒళ్ళు ఇన్సులిన్ మాట వినేలా డాక్టర్ గారిచ్చిన మెట్‌ఫార్మిన్ వాడుతూనే ఉన్నాను, దాన్ని సొంతంగా ఆపొద్దని, మధ్యమధ్యలో బీ12 విటమిన్ ఎంతుందో పరీక్ష చేయించుకోమని ప్రతిసారీ గుర్తు చేస్తారు. మెడ నలుపు సగం తగ్గింది. సాయంత్రం మెట్లెక్కితే కాళ్ళు పీకడం లేదు.

ఇది చదివే చెల్లెళ్ళూ, నూటికి పదిమందికి అటూఇటూగా ఉండే సమస్య ఇది, మీ ఒక్కరికే కాదు. సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది. డబ్బాలు కొనకముందు ఒకసారి చదువుకున్న డైటీషియన్ దగ్గరికి వెళ్ళండి. అందరికీ నా కొలతే సరిపోదు, మీ హస్తం మీరు పట్టుకెళ్ళండి.

మేడమ్, చివరగా ఒక్క మాట. వేరేవాళ్ళకి చూపించడానికి నాలుగు రోజులు ఉంచుతానని మా ఇత్తడి హస్తం మీ టేబుల్ సొరుగులో పెట్టారు. ఏడు నెలలయింది. అమ్మ రెండు వారాలు చూసి అంబాజీపేట సంతలో చిన్న స్టీలు హస్తం కొనేసింది, సగం కూడా పట్టదు, నా కొలత దానికి మార్చుకున్నాను. మీరు కావాలనే ఇవ్వలేదని నా అనుమానం. ఈ ఆదివారం పనసపొట్టు కూర పట్టుకుని వస్తున్నాను, ఆవ బాగా పట్టించి చేస్తానంది అమ్మ. హస్తం మాత్రం అడగను లెండి.