ఆ ఇంజెక్షన్ కంటే ముందు నోరు చూడాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను గాజువాకలో పళ్ల డాక్టర్ని. స్టీల్‌ప్లాంటులో రిటైరైనవాళ్లు, అనకాపల్లి వైపు రైతులు, పెదగంట్యాడ వైపు మత్స్యకారులు నా దగ్గరికి వస్తారు. పన్ను పీకే ముందు షుగరుందా, బీపీ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడిగితే టక్కున చెబుతారు. ఎముకలకు ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా అంటే మాత్రం ‘బలానికేదో పొడిచారు బాబూ’ అంటారు. మందు పేరు చీటీలో ఉంటుంది, చీటీ ఇంట్లో ఉంటుంది. ఈ లేఖ ఆ బలం ఇంజెక్షన్ గురించే.

జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటివి ఎముక అరుగుదలను ఆపే మందులు. క్యాన్సర్ ఎముకలకు పాకినవారికి, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు ఇస్తారు. మంచి మందులే. కాకపోతే పాత ఎముక పోయి కొత్తది రావడాన్ని కూడా అవే మందగింపజేస్తాయి. మిగతా ఎముకలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. దవడ సంగతి వేరు. దాని మీద చిగురు పొర పల్చన, నమలడంతో రోజూ ఒత్తిడి, పైగా నోటినిండా సూక్ష్మజీవులు. అలాంటి చోట పన్ను పీకితే గుంత పూడకపోవచ్చు. ఎముక బయటపడి చచ్చిపోతుంది, చీము పడుతుంది, ఒక్కోసారి కింది పెదవి తిమ్మిరెక్కుతుంది. ఈ మందులు వాడినవారిలో, దవడకు రేడియేషన్ తగలకుండానే, 8 వారాలు దాటినా ఎముక కప్పుకోకపోతే దాన్ని మందుల వల్ల వచ్చిన ఆస్టియోనెక్రోసిస్, అంటే ఎముక చచ్చిపోవడం, అంటాం. పై దవడ కంటే కింది దవడకే ఎక్కువ. 2003లో మయామీ సర్జన్ రాబర్ట్ మార్క్స్ ఇలాంటి 36 కేసులు బయటపెట్టారు. అంతకు శతాబ్దం ముందే అగ్గిపుల్లల ఫ్యాక్టరీల్లో తెల్ల భాస్వరం పొగ పీల్చిన కూలీల దవడలు ఇలాగే కుళ్లిపోయాయి. అగ్గిపుల్లల్లో ఆ భాస్వరం వాడకాన్ని నిషేధించే బెర్న్ ఒప్పందం 1906లో కుదిరింది.

ముప్పు అందరికీ ఒకటి కాదు. క్యాన్సర్ రోగులకు జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు మూడు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తారు. వారిలో వందకు కొందరికి ఈ జబ్బు వస్తుంది. ఎముకలు గుల్లబారినవారికి ఏడాదికి 5 మిల్లీగ్రాములే, ముప్పు పదివేలకు కొందరికి. దీనికి షుగరు, స్టెరాయిడ్లు, పొగతాగడం, చిగుళ్ల జబ్బు, సరిగా కుదరని కట్టుడు పళ్లు తోడైతే ముప్పు పెరుగుతుంది. దయచేసి ఈ లేఖ చదివి ఎవరూ మందు మానేయకండి. డెనోసుమాబ్ అర్ధాంతరంగా ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. తుంటి విరిగి మంచాన పడటం కూడా చిన్న సంగతి కాదు.

దవడ ఎముక చచ్చిపోవడానికి రేడియేషన్ మరో దారి. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వారికి అంగిట్లో క్యాన్సర్ రావడం ఈ ప్రాంతపు డాక్టర్లందరికీ తెలిసిందే. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చినప్పుడు దవడకు తగిలే మోతాదు 60 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ కొలత) దాటితే అక్కడి రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఏళ్లు గడిచినా అక్కడ పన్ను పీకడం సాహసమే. ఇక 2021లో బ్లాక్ ఫంగస్ షుగరు రోగుల పై దవడల్ని ఎలా కుళ్లబెట్టిందో మీ శాఖకు చెప్పాల్సిన పనిలేదు.

వీటిలో చాలావరకు నివారించగలిగినవే. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రిలోనైనా ఈ మందులు గానీ, తలకూ మెడకూ రేడియేషన్ గానీ మొదలుపెట్టే ముందు పళ్ల పరీక్ష తప్పనిసరి చేయండి. పీకాల్సిన పళ్లు ముందే పీకి, గాయం మానడానికి రెండు మూడు వారాలు గడువివ్వాలి. క్యాన్సర్ ముదిరి అంత గడువు లేనివారి విషయం చికిత్స చేసే డాక్టరు తేలుస్తారు. ఆ పరీక్ష ఖర్చు, పీకడం, పళ్లు క్లీన్ చేయడం ప్యాకేజీలో స్పష్టంగా రాసి ఉండాలి. లేకపోతే పేదవాడు ‘తర్వాత చూద్దాం’ అని వెళ్లిపోతాడు. పళ్ల వైద్యానికి ప్రభుత్వ కళాశాలలు విజయవాడలోనూ కడపలోనూ ఉన్నాయి. విశాఖ, అనకాపల్లి, అల్లూరి జిల్లాల జనానికి అవి దూరాభారం, కాబట్టి ఈ పని ఇక్కడి ఆసుపత్రుల్లోనే జరగాలి.

ఇంకో చిన్న పని ఉంది, దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. ఈ మందు వేసిన ప్రతి ఒక్కరికీ తెలుగులో ఒక కార్డు ఇప్పించండి. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఎన్ని డోసులయ్యాయి, ‘పన్ను పీకించుకునే ముందు ఈ కార్డు చూపించండి’ అన్న వాక్యం, అంతే. అది ఆధార్ కార్డుతో కలిపి పర్సులో పెట్టుకోమని ఆశా కార్యకర్తలు చెబితే, మా కుర్చీలో కూర్చునే సమయానికి అది మా చేతికొస్తుంది.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక దంత వైద్యుడు